జెర్మెన్ వినని ఆటలు

సెంత్-ఒదిల్,
సోమవారం, ఏప్రిల్ 6

ఒరేయ్ ఒనేజిమ్,

నీ ఉత్తరం అందింది. తొమ్మిదేళ్ల తర్వాత మన ఐస్ హాకీ జట్టు నక్కలు ప్లేఆఫ్స్‌కు వచ్చాయనీ, బుధవారం నుంచి గ్రాంట్‌వెల్ ఎలుగుబంట్లతో మొదటి రౌండనీ, రేడియోకు కొత్త బ్యాటరీలు వేయించమనీ రాశావు. నీకు సిగ్గు లేదు సరే, మతి కూడా లేదా? నేను ఈస్టర్ ముందటి తపస్సు కాలంలో ఉన్నాను.

మళ్లీ చెబుతాను, విను. విభూది బుధవారం నాడు చర్చి మెట్ల మీద నిలబడి ఒక్కొక్కరూ ఈ నలభై రోజులకూ ఏం వదులుకుంటున్నారో చెప్పుకుంటున్నారు. కిరాణా కొట్టు మదాం థిబో తీపి మానేస్తానంది, అదీ ఊరంతా మేపుల్ పాకం కాచే రోజుల్లో. గంటలు కొట్టే ఎల్జేయార్ పొగాకు మానేస్తానన్నాడు. నలభై ఏళ్లు వీళ్లందరికీ అక్షరాలు దిద్దించినదాన్ని, నేనేం తక్కువ తిన్నానా? హాకీ వదిలేస్తున్నానని అందరికీ వినపడేలా చెప్పాను.

నీ దగ్గర దాపరికమెందుకు, అది దొంగ మొక్కే. అప్పటికి నక్కలు ఎనిమిది జట్లలోనూ అట్టడుగున ఉన్నాయి. వరసగా పదకొండు ఆటలు ఓడిపోయేసరికి విసుగెత్తి రేడియో మీద గుడ్డ కప్పేశాను. ఫాదర్ గారికి ఆ సంగతి తెలుసు. "జెర్మెన్ గారూ, దీన్ని వదులుకోవడం అనరు, వదిలించుకోవడం అంటారు" అని నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మర్నాటి నుంచే వాళ్లు గెలవడం మొదలెట్టారు. ఏ నక్క తోక తొక్కారో గాని పద్దెనిమిది ఆటల్లో పద్నాలుగు గెలిచి నాలుగో స్థానానికి ఎగబాకారు.

తపస్సు కాలంలో ఆదివారాలు లెక్కలోకి రావు కాబట్టి నాలుగు ఆదివారాలు రేడియో పెట్టుకున్నాను. నా ఖర్మ, ఆ నాలుగూ ఓడారు.

మాట మాటే. ఈస్టర్ పంతొమ్మిదో తారీఖున. అప్పటిదాకా మామూలు రోజుల్లో ఆట వినను, స్కోరు చదవను, నువ్వు రాయకు. ఫోన్ అసలే చేయకు. ఇక్కడ ఒకే ఫోను లైను మీద ఏడిళ్లున్నాయి, నీ గొంతు వినపడగానే ఆరుగురు రిసీవర్లెత్తి హాకీ మొదలెడతారు. నాకు అరవై ఆరేళ్లు నిండాయి, తమ్ముడూ. ఇంకెన్ని మొదటి రౌండ్లు చూస్తానో తెలియదు. అందుకే ఏడుపొస్తోంది.

నీ అక్క,
జెర్మెన్


పోర్-లవాల్,
శనివారం, ఏప్రిల్ 11

అక్కా,

స్కోరు ఒక్క ముక్క కూడా రాయను. గురువారం పొద్దున కొట్లో పాట పాడుతూ జుట్లు కత్తిరించాననీ, ఇవాళ పొద్దున ఇంకా గట్టిగా పాడాననీ మాత్రం రాస్తాను. నీకేమైనా అర్థమైతే ఆ పాపం నాది కాదు.

కత్తిరింపులే గాని గడ్డాలు లేవు. ప్లేఆఫ్స్ అయ్యేదాకా ఆటగాళ్లు గడ్డం గీసుకోరు కదా, వాళ్లను చూసి ఊళ్లో మగాళ్లంతా పెంచేస్తున్నారు. కత్తులు నూరుకుంటూ ఈగలు తోలుకుంటున్నాను. నేనూ పెంచుతున్నాను, చూడటానికి సన్యాసిలా ఉన్నాను. స్టేడియంలో నా పక్క సీటు అడెలార్, మాంసం కొట్టు అడెలార్ తెలుసు కదా, వాడు గడ్డంతోపాటు టోపీ కూడా తీయడం లేదు. వాడి భార్య వాణ్ణి వరండాలో పడుకోమంది.

ఇక అసలు సంగతి. రేపు మట్టల ఆదివారం. మూడో ఆట గ్రాంట్‌వెల్‌లో. ఆదివారాలు లెక్కలోకి రావని నువ్వే రాశావు. హాయిగా కూర్చుని విను. ఈ ఉత్తరం పోస్టులో వేస్తే మంగళవారానికి గాని రాదని బస్సు డ్రైవర్ రొజారియో చేతిలో పెడుతున్నాను.

ఒనేజిమ్


సెంత్-ఒదిల్,
సోమవారం, ఏప్రిల్ 13

ఒనేజిమ్,

విన్నాను. మట్టలు పట్టుకుని చర్చి నుంచి వచ్చి, బఠానీ సూప్ పొయ్యి మీద పెట్టి, రేడియోను కుట్టు మిషను మీద పెట్టుకుని కూర్చున్నాను. మొదటి రెండు ఆటలూ మనమే గెలిచామని రేడియోవాడు మొదట్లోనే చెప్పేశాడు. నీ పాటల అర్థం అప్పుడు రూఢి అయింది.

ఆ తర్వాత సంగతి నీకు తెలిసిందే. మొదటి పీరియడ్‌లోనే మూడు గోల్స్ తిన్నారు, చివరికి అయిదు-ఒకటి. గోలు కాసే మన గోలీ కర్ర పట్టుకున్నాడా, చీపురు పట్టుకున్నాడా? ఆ పొడుగాటి డిఫెన్సువాడు రబ్బరు బిళ్లను తిన్నగా ఎలుగుబంట్ల కర్రకే అందించాడట. నా క్లాసులో ఉంటే వాణ్ణి గోడకేసి నిలబెట్టేదాన్ని.

అయినా ఒక మాట చెప్పనా? ఓడినా సరే, ఆ రెండున్నర గంటలూ పదేళ్ల పిల్లనైపోయాను. సూప్ మాడిపోయింది. గిన్నె నానబెట్టి, మాడిన సూపే తిని, సంతోషంగా ఉన్నాను.

జెర్మెన్


పోర్-లవాల్,
బుధవారం, ఏప్రిల్ 15

అక్కా,

నీ నియమం తప్పుతున్నాను, కోప్పడకు. నిన్న నాలుగో ఆట గెలిచాం. ఇప్పుడు ఆటల లెక్క మూడు-ఒకటి. ఏడింట్లో ముందు నాలుగు గెలిచినవాళ్లది రౌండు కాబట్టి ఇంకొక్కటి చాలు. రేపు మా ఊళ్లోనే, పవిత్ర గురువారం నాడు.

ఇక్కడ ఒక విషయం బయటపడింది. ఎలా చెప్పాలో తెలియడం లేదు. నీ ఉత్తరం అడెలార్‌కు చదివి వినిపించాను. వాడు మాంసం చుట్టే కాగితం మీద గీతలు గీస్తూ కూర్చుని, విభూది బుధవారం నుంచి ఇప్పటిదాకా ఆడినవన్నీ వరసగా రాశాడు. నువ్వు రేడియో పెట్టినవి అయిదు. అయిదూ ఓడిపోయాం. పెట్టనివి పదిహేడు. పదిహేడూ గెలిచాం. వాడు పెన్సిలు కింద పెట్టి సిలువ గుర్తు వేసుకున్నాడు.

నాకిలాంటి వాటి మీద నమ్మకం లేదు. అడెలార్‌కు ఉంది. నిజం చెప్పాలంటే నాకూ ఉంది. రేపు ఎలాగూ నీకు తపస్సే కదా, ఇంకాస్త గట్టిగా చెయ్యి. కొట్టు వైపు వెళ్లకు, ఎవరి కిటికీ కిందా నిలబడకు. ఇది మేం మాట్లాడుకుంటుంటే రొజారియో విన్నాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు, మీ ఊళ్లో ఎవరైనా నీ వంక అదోలా చూస్తే ఏమీ అనుకోకు.

ఒనేజిమ్


పోర్-లవాల్,
శుక్రవారం, ఏప్రిల్ 17

అక్కా,

నిన్న నాలుగు-రెండు, ఓడిపోయాం. మొదటి గోలు మనదే, ఆ తర్వాతే ఏదో అయింది. సరిగ్గా ఏడు గంటల నలభై నిమిషాల నుంచి. ఆ సమయానికి నువ్వు ఎక్కడున్నావు? ఏం విన్నావు? నిజం చెప్పు. అడెలార్ అడగమన్నాడు.

ఒనేజిమ్


సెంత్-ఒదిల్,
శుక్రవారం, ఏప్రిల్ 17

ఒనేజిమ్,

నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి తెచ్చాడు రొజారియో, రెండోది నా చేతికిస్తూ నా మొహంలోకి చూశాడు. ఏడు నలభైకి నేను చర్చిలో ఉన్నాను. ఇంకెక్కడుంటాను?

పవిత్ర గురువారం ఆచారం కదా, ఫాదర్ గారు పన్నెండుమంది పాదాలు కడుగుతున్నారు. ఎల్జేయార్ ఆ పన్నెండుమందిలో ఒకడు, ముందు వరసలో ఒక కాలి జోడు విప్పి కూర్చున్నాడు. మఫ్లరు చెవుల మీదుగా చుట్టుకున్నాడు. చలేమో అనుకున్నాను. లోపల చెవిలో చిన్న రేడియో తీగ ఉందని నాకెలా తెలుస్తుంది? ఫాదర్ గారు వాడి పాదం మీద నీళ్లు పోశారో లేదో, వాడు "గోల్" అని కేక పెట్టాడు. నీళ్లు మరీ చల్లగా ఉన్నాయేమోనని ఫాదర్ గారు కంగారుపడ్డారు. వాడు వెనక్కి తిరిగి, తన వెనకే కూర్చున్న నాతో గుసగుసగా "మనదే, టీచరుగారూ" అన్నాడు. అంతే నేను విన్నది. రెండు మాటలు.

దానికే నాలుగు గోల్స్ తింటారా మీ వీరులు? నా చెవిలో పడితే పాలు విరుగుతాయా? నేనేమైనా ఎదురొచ్చిన పిల్లినా? నా తమ్ముడే ఇలా అడిగాక ఊరివాళ్లను అనడానికేముంది. ఇవాళ మదాం థిబో కొట్లోకి వెళితే ఆవిడ పరుగెత్తుకెళ్లి రేడియో ఆపి, దాని ముందు చేతులు చాపుకుని నిలబడింది. వంట గురించిన కార్యక్రమం వస్తోంది అందులో.

రేపటి ఆట గ్రాంట్‌వెల్‌లో. అమ్మ లెక్క ప్రకారం ఈస్టర్ ముందు శనివారం మధ్యాహ్నం పన్నెండు కొట్టగానే తపస్సు అయిపోతుంది. నేను రేడియో పెడుతున్నాను. అడెలార్‌కు చెప్పు.

జెర్మెన్


సెంత్-ఒదిల్,
ఈస్టర్ ఆదివారం, ఏప్రిల్ 19

తమ్ముడూ,

మూడు-రెండు, ఓడాం. నువ్వూ విన్నావు, నేనూ విన్నాను. ఇప్పుడు చెరి మూడు. ఆఖరాట రేపు మీ ఊళ్లో.

పొద్దున ఈస్టర్ నీళ్లకు వెళ్లాను. పొద్దు పొడవకముందే వాగు దగ్గర నీళ్లు పట్టుకుని, ఇల్లు చేరేదాకా ఎవరితోనూ మాట్లాడకూడదు కదా, చిన్నప్పుడు నీకు ఆపుకోలేని నవ్వొచ్చి ప్రతి ఏడూ అమ్మ చేత దెబ్బలు తినేవాడివి. కూజా ముంచి తలెత్తేసరికి చుట్టూ ఊరు ఊరంతా నిలబడి ఉంది. ఒక్కరూ నోరు విప్పరు. మదాం థిబో రెండు చేతులూ జోడించింది. ఎల్జేయార్ రెండు చెవులూ మూసుకుని తల అడ్డంగా ఊపాడు, మళ్లీ నా వైపు వేలు చూపించాడు. రొజారియో గాల్లో రేడియో మీట తిప్పి ఆపేసినట్టు అభినయించాడు. అందరికంటే వెనక ఫాదర్ గారు ఉన్నారు. ఆయన ఏమీ చేయలేదు, కానీ వెళ్లిపోనూ లేదు.

నవ్వొచ్చింది. ఇల్లు చేరాక నవ్వు పోయింది. వీళ్లందరికీ నేను చదువు చెప్పాను, ఒనేజిమ్. రెండును రెండుతో హెచ్చిస్తే ఎంతో నేర్పాను. వీళ్లకు ఇవాళ నేనొక అపశకునాన్ని. తొమ్మిదేళ్లు ఎదురుచూసి, నలభై రోజులు నోరు కట్టుకుని, తీరా నా ఆట నాకు వచ్చేసరికి వినవద్దంటున్నారు.

సరే, వినను. రేడియో మదాం థిబోకు ఇచ్చేశాను. రేపు సాయంత్రం నది ఒడ్డుకు పోయి మంచు పెళ్లలు కొట్టుకుపోవడం చూస్తూ కూర్చుంటాను. ఒక్క సంగతి మాత్రం తెలుసుకో. మొదటిది దేవుడికి నేనిచ్చాను. ఇది మీరు తీసుకున్నారు.

హ్యామ్ వండాను. తినబుద్ధి కాలేదు.

జెర్మెన్


పోర్-లవాల్,
ఆదివారం సాయంత్రం

అక్కా,

రొజారియో నీ ఉత్తరం ఇచ్చి, తలుపు దగ్గరే టోపీ నలుపుకుంటూ నిలబడ్డాడు. చదివి అతనికీ వినిపించాను. అట్నుంచటే అడెలార్ దగ్గరికి వెళ్లాను.

ఇందులో టిక్కెట్టు ఉంది. అడెలార్ సీటు, నా పక్కది. ఇరవై రెండేళ్లలో వాడు ఆ సీటు వదలడం ఇదే మొదలు, అదీ ఏడో ఆటకు, అదీ నీకు. అడిగితే మొదట వాడు కత్తి బల్ల మీద పెట్టి, నాకు పిచ్చెక్కిందా అన్నాడు. నీ ఉత్తరం వాడి చేతికే ఇచ్చాను. చదివి లోపలికెళ్లి టిక్కెట్టు తెచ్చాడు. "మీ అక్కను వెచ్చగా కప్పుకుని రమ్మను. ఆ పక్క నుంచి గాలి కొడుతుంది" అన్నాడు.

నక్కలు ఓడితే ఓడనీ. వాళ్లు ఇంకో తొమ్మిదేళ్లకైనా వస్తారు. రేపు మధ్యాహ్నం బస్సు నువ్వెక్కేదాకా కదలదు, రొజారియో మాటిచ్చాడు. నా మీద కోపం ఉంటే కోపంగానే రా.

ఒనేజిమ్


సెంత్-ఒదిల్,
బుధవారం, ఏప్రిల్ 22

ఒరేయ్ ఒనేజిమ్,

మంగళవారం పొద్దున బస్సెక్కేటప్పుడు నీ గొంతు లేదు, నా గొంతు లేదు. చేతులూపుకుని విడిపోయాం. అందుకని ఆ రాత్రి సంగతి నాకెలా తోచిందో ఇప్పుడు రాస్తున్నాను. ఇందులో ఒక ఒప్పుకోలు కూడా ఉంది.

ఆ మెట్లెక్కి, ఆ తెల్లటి మంచునూ దాని మీద పడుతున్న దీపాలనూ చూసి, వెనకవాళ్లు తోసేదాకా మెట్టు మీదే ఆగిపోయాను. నువ్వు మన వరసలో అందరికీ నా గురించి ముందే చెప్పేశావని నాకు తెలుసు. ముందు సీటు పెద్దాయన వేరుశనగకాయలు నా ముందు పెట్టి, మన గోలీ ఒక గోలు వదిలేయగానే పొట్లం మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. మనవాళ్లు సమం చేశాక మళ్లీ ముందుకు తోశాడు. రెండు-రెండు దగ్గర మూడు పీరియడ్లూ అయిపోయి, ముందు గోలు కొట్టినవాడిదే ఆట అన్నప్పుడు మాత్రం ఎవరూ ఏమీ తినలేదు.

ఆ అదనపు సమయంలో ఎలుగుబంట్లవాడు కొట్టిన బిళ్ల మన గోలు స్తంభానికి ఖంగుమని తగిలింది, గుర్తుందా? అప్పుడు మన వరస మొత్తం నా వంక చూసింది. చెడ్డగా కాదు, జాలిగా. అదే నేను తట్టుకోలేకపోయాను. అడెలార్ సీట్లో కూర్చుని అడెలార్ జట్టును ముంచుతున్నాననిపించింది. కాసేపు బయట నడవాలో నిలబడితే పోతుంది కదా అని సీటు కింద కోటు కోసం వంగాను. నువ్వు నా చెయ్యి పట్టుకున్నావు.

"కూర్చో అక్కా. ఓడితే ఇద్దరం కలిసే ఓడదాం" అన్నావు.

నేను కోటు లాగాను, నువ్వు కోటు లాగావు. చంక దగ్గర కుట్టు పటపటమని తెగింది. ఇద్దరం సీటు కిందే ఉన్నాం, అప్పుడు పైకప్పు లేచిపోయినంత చప్పుడైంది. తల ఎత్తేసరికి నాకు కనపడినవి వీపులు. పెద్దాయన వెనక్కి తిరిగి, ఆ గరుకు గడ్డంతో నా రెండు బుగ్గల మీదా ముద్దులు పెట్టాడు. నువ్వు నన్ను ఎత్తి తిప్పావు. గెలిచామని అప్పుడు తెలిసింది.

ఒనేజిమ్, నేను ఆ గోలు చూడలేదు.

నిన్న బస్సు దిగేసరికి ఊరంతా నా ఇంటి ముందు ఉంది. ఎల్జేయార్ గంటలు కొట్టాడు, ఫాదర్ గారు వద్దనలేదు. మదాం థిబో నా రేడియో తిరిగి తెచ్చి, పక్కన పాకం గిన్నె పెట్టింది. రేడియోలో అరుపులే వినపడ్డాయి, ఎలా పడింది టీచరుగారూ ఆ గోలు, కళ్లారా చూసింది మీరొక్కరే, చెప్పండి అన్నారు. వాళ్ల మొహాలు చూశాక, గోలు చూడలేదని చెప్పలేకపోయాను. ఎడమ పక్క నుంచి మన పొట్టివాడు దూసుకొచ్చాడనీ, ఇద్దర్ని తప్పించాడనీ, గోలీ కాళ్ల మధ్య నుంచి కొట్టాడనీ చెప్పాను. రెండోసారి చెప్పేటప్పటికి ముగ్గుర్ని తప్పించాడు. ఫాదర్ గారికి చెప్పినప్పుడు నలుగురయ్యారు. ఈస్టర్ అయి రెండు రోజులు కాలేదు, ఎంత అబద్ధమో చూడు.

అందుకని తిరుగు బస్సుకే జవాబు రాయి. అసలు ఎవరు కొట్టారు, ఎటు నుంచి వచ్చాడు, ఎలా పడింది, అంతా వివరంగా రాయి. నేను మెల్లగా సర్దుకుంటాను.

ఎంత సంతోషంగా ఉన్నానో రాయడం చేతకావడం లేదు.

జెర్మెన్


పోర్-లవాల్,
శనివారం, ఏప్రిల్ 25

అక్కా,

నీ ఉత్తరం వచ్చేసరికి నేను నీకు ఉత్తరం రాస్తున్నాను. ఏమని అనుకున్నావు? "అక్కా, నువ్వు నా కంటే ముందు తలెత్తావు కదా, ఆ గోలు ఎలా పడిందో కాస్త చెప్పు" అని.

నేనూ చూడలేదు. నా రెండు చేతుల్లోనూ నీ కోటు ఉంది. మంగళవారం నుంచి కొట్లో కత్తెర గాల్లో ఆడిస్తూ టిక్కెట్టు దొరకని ప్రతివాడికీ ఆ గోలు చెబుతున్నాను. నా దాంట్లో కుడి పక్క నుంచి వచ్చాడు. అడెలార్‌కు నాలుగుసార్లు చెప్పాను, సీటు ఇచ్చినవాడు కదా, వాడు నాలుగుసార్లూ కళ్లు తుడుచుకున్నాడు.

నిన్నటిదాకా బాగానే సాగింది. నిన్న వచ్చిన వారపత్రికలో సగం పేజీ నిండా ఫోటో వేశారు, కత్తిరించి ఇందులో పెట్టాను. బిళ్ల వలలో ఉంది. కొట్టింది మన పొడుగాటి డిఫెన్సువాడట, నువ్వు గోడకేసి నిలబెడతానన్నవాడు. ఏ పక్క నుంచీ దూసుకు రాలేదు, ఎవర్నీ తప్పించలేదు. దూరం నుంచి గుడ్డిగా కొడితే ఎవరి మోకాలికో తగిలి లోపలికి పోయింది.

ఇప్పుడు గోలు వెనక జనాన్ని చూడు. మూడో వరస. వేలమంది చేతులు పైకెత్తి ఉన్నారు. మధ్యలో రెండు వీపులు, వాటికింద రెండు పిరుదులు. ఎడమది నాది.

అడెలార్ దాన్ని పటం కట్టించి తన కొట్లో, సాసేజీల పైన వేలాడదీశాడు. వచ్చినవాళ్లందరికీ కర్రతో చూపిస్తున్నాడు. ఇవాళ పొద్దున నా కొట్లో కుర్చీ ఎక్కి, ఆ గోలు ఇంకోసారి చెప్పమన్నాడు. మెడ మీద కత్తి పెట్టినా నవ్వు ఆపలేదు. మీ ఊరికి కూడా పత్రిక ఈపాటికి చేరే ఉంటుంది, నీ సంగతి నువ్వు చూసుకో.

తొమ్మిదేళ్లు ఆ గోలు కోసం ఎదురుచూశాను. పడినప్పుడు నీతో కోటు కోసం పోట్లాడుతున్నాను. అంతకంటే మంచి చోట ఉండేవాణ్ణని నాకనిపించడం లేదు, అక్కా.

రెండో రౌండు సోమవారం మొదలు. మన వరసవాళ్లంతా కూడబలుక్కుని వచ్చారు. నువ్వు రావాలట, కోటు సీటు కింద పెట్టాలట, ఆట బిగిసినప్పుడల్లా ఇద్దరం వంగాలట. అడెలార్ మళ్లీ సీటు ఇస్తానన్నాడు. అందరికీ సరేనన్నాను.

నువ్వు కోటు ఇంట్లోనే పెట్టి రా. ఈసారి గోలు చూద్దాం.

నీ తమ్ముడు,
ఒనేజిమ్